అంతర్జాల శిల్పుల గోష్ఠి

విద్య అబ్బే మార్గాలు అనేకం. గురుముఖతః నేర్చుకొనేది కొంత, స్వయంకృషితో సాధించుకొనేది కొంత. వీటితోపాటు తోటివారి సాంగత్యం వల్ల లభించేది కూడా విద్యలో ఒక ముఖ్యభాగమని మన పూర్వులు గుర్తించారు. అందువల్లనే మన సంప్రదాయంలో పండితగోష్ఠులకూ, అవధాన సభలకూ, గ్రంథాలయ సమావేశాలకూ అంతటి ప్రాధాన్యం లభించింది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో ఏర్పడిన సారస్వత నికేతనం కేవలం పుస్తకాలను భద్రపరచిన భవనాలు కావు. చదివినవారూ, చదవాలనుకొన్నవారూ ఒకచోట కూర్చొని మాట్లాడుకొన్న విద్యాకేంద్రాలు అవి.

ఈ గోష్ఠీ సంప్రదాయం నేడు మనం ఊహించని ఒక కొత్త రంగంలో వర్ధిల్లుతున్నది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు నెలకొకసారి, తమ తమ నగరాలలో, ఎవరి ఆజ్ఞా లేకుండానే సమావేశమవుతున్నారు. తాము నేర్చుకొన్నది నలుగురికీ చెబుతున్నారు. తమకు తెలియనిది నలుగురినీ అడుగుతున్నారు. ఇటువంటి సమావేశాన్ని వారు 'మీటప్' అని వ్యవహరిస్తారు. వీటిలో జావాస్క్రిప్ట్ అనే భాషలో వెబ్ అనువర్తనాలు రూపొందించేవారి సమావేశాలు ప్రపంచంలోని ఎన్నో నగరాలలో జరుగుతున్నాయి. ఆ గోష్ఠి స్వరూపం ఎటువంటిది, దాని వల్ల కలిగిన ప్రయోజనమేమిటి, తెలుగు విద్యార్థికి దానితో గల సంబంధమేమిటి అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

జావాస్క్రిప్ట్ అంటే ఏమిటి?

మనం కంప్యూటర్‌లో గాని, చేతిలోని ఫోన్‌లో గాని ఒక వెబ్‌సైట్‌ను తెరిచినప్పుడు కంటికి కనిపించే పుట మూడు విద్యల సమ్మేళనం. పుటలో ఏయే అంశాలు ఉండాలో చెప్పేది హెచ్.టి.ఎం.ఎల్. అవి ఏ రంగులో, ఏ పరిమాణంలో, ఏ అమరికలో కనిపించాలో నిర్ణయించేది సి.ఎస్.ఎస్. ఆ పుటకు చలనాన్నీ, మన చేష్టలకు స్పందించే శక్తినీ ప్రసాదించేది జావాస్క్రిప్ట్. ఇంటితో పోల్చి చెప్పాలంటే మొదటిది గోడలూ దూలాలూ, రెండవది సున్నమూ ముగ్గులూ, మూడవది ఇంట్లో తిరుగాడే మనిషి అలికిడి.

రైలు టిక్కెట్టు కోసం ఊరి పేరులో రెండు మూడు అక్షరాలు టైపు చేయగానే ఆ అక్షరాలతో మొదలయ్యే స్టేషన్ల పేర్లు వరుసగా ప్రత్యక్షమవుతాయి. దరఖాస్తులో ఫోన్ నంబరు ఒక అంకె తగ్గితే, పంపకముందే హెచ్చరిక కనిపిస్తుంది. ఇటువంటి పనుల వెనుక సాధారణంగా ఉండేది జావాస్క్రిప్టే.

ఈ భాషను 1995 మే మాసంలో బ్రెండన్ ఐక్ అనే ప్రోగ్రామర్ రూపొందించాడు. అతడు అప్పుడు అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో ఉద్యోగి. తొలి రూపాన్ని సిద్ధం చేయడానికి అతనికి పట్టిన కాలం 10 రోజులు మాత్రమే. మొదట దీనికి 'మోచా' అని పేరు పెట్టారు. పిమ్మట అది 'లైవ్‌స్క్రిప్ట్' అయింది. అదే సంవత్సరం డిసెంబరులో 'జావాస్క్రిప్ట్' అనే పేరు స్థిరపడింది. అప్పటికి 'జావా' అనే మరొక కంప్యూటర్ భాష లోకం దృష్టిని ఆకర్షిస్తూ ఉన్నది. ఆ కీర్తిలో కొంత పాలు పొందవచ్చుననే వ్యాపార దృష్టి ఈ నామకరణం వెనుక ఉన్నది. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనుకోరాదు. గుర్రానికీ, చెరువులో పెరిగే గుర్రపుడెక్కకూ ఎంత బంధుత్వమో, జావాకూ జావాస్క్రిప్ట్‌కూ ఇంచుమించు అంతే బంధుత్వం.

భాష పుట్టినంత మాత్రాన చాలదు. దానికి వ్యాకరణం కావాలి. ఒక్కొక్క బ్రౌజర్ ఒక్కొక్క విధంగా ఈ భాషను అర్థం చేసుకొంటే ప్రోగ్రామర్లు ఇబ్బంది పాలవుతారు. అందువల్ల స్విట్జర్లాండులోని జెనీవా నగరం కేంద్రంగా గల ఎక్మా అనే ప్రమాణాల సంస్థ 1997లో ఈ భాషకు ప్రామాణిక రూపాన్ని ప్రకటించింది. ఆ ప్రమాణానికి 'ఎక్మాస్క్రిప్ట్' అని పేరు. 2015 నుంచి ఈ ప్రమాణం ప్రతి సంవత్సరమూ కొత్త కూర్పుతో వెలువడుతున్నది.

అవధాని, జావాస్క్రిప్ట్

జావాస్క్రిప్ట్ పనిచేసే తీరును గ్రహించడానికి మన అష్టావధాన ప్రక్రియ చక్కగా ఉపకరిస్తుంది. అవధాన సభలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, మరొకరు నిషిద్ధాక్షరితో అడ్డు తగులుతారు. అవధాని ఒక్కరే. ఆయన ఒక పృచ్ఛకుని పద్యాన్ని మొత్తం పూర్తిచేసి రెండవ పృచ్ఛకుని దగ్గరకు వెళ్ళడు. ఒకరికి ఒక పాదం చెప్పి, రెండవవారి వైపు తిరుగుతాడు. అందరికీ మొదటి పాదాలు చెప్పిన తరువాత రెండవ ఆవృత్తం మొదలవుతుంది. నడుమ అప్రస్తుత ప్రసంగి ఏదో ఒక చమత్కారపు ప్రశ్న వేస్తే దానికీ సమాధానం చెబుతాడు. చివరకు పద్యాలన్నింటినీ ధారణ చేసి సభకు అప్పగిస్తాడు.

బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ కూడా సాధారణంగా ఇటువంటి ఏకవ్యక్తి వ్యవహారమే. ఒక సమయంలో అది ఒక్క పనినే చేయగలదు. దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి సమాచారం తెప్పించవలసి వచ్చినప్పుడు అది చేతులు కట్టుకొని ఎదురుచూడదు. కబురు పంపి, ఈలోగా వరుసలో ఉన్న మరొక పనిని చేపడుతుంది. సమాచారం రాగానే ఆ పని కూడా వరుసలోకి చేరి, తన వంతు వచ్చినప్పుడు కొనసాగుతుంది. మనం మీటను నొక్కడం, తెరను తాకడం అప్రస్తుత ప్రసంగం వంటివి. ఎప్పుడు వస్తాయో తెలియదు. వచ్చినప్పుడు జవాబు చెప్పక తప్పదు.

ఈ పోలికలో విద్యార్థులు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. అవధాని ఒక పాదం దగ్గరే చిక్కుకొని అరగంట ఆలోచిస్తే మిగిలిన ఏడుగురూ నిరీక్షించవలసిందే. అదే విధంగా ప్రోగ్రామర్ ఒక సుదీర్ఘమైన గణనను ముక్కలు చేయకుండా ఒకే పనిగా రాస్తే, అది పూర్తయ్యేదాకా పుట మొత్తం స్తంభించిపోతుంది. మనం ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. పనిని చిన్న చిన్న పాదాలుగా విభజించుకోవడం అవధానికి ఎంత అవసరమో, జావాస్క్రిప్ట్ రాసేవారికీ అంతే అవసరం.

గోష్ఠి అవసరం

తొలినాళ్ళలో వెబ్ పుట అచ్చుపుస్తకం వంటిది. చదవడానికే గాని సంభాషించడానికి వీలుండేది కాదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వెలువడిన తరువాత పరిస్థితి మారింది. పుట మొత్తాన్ని మళ్ళీ తెప్పించకుండానే, కావలసిన భాగాన్ని మాత్రమే మార్చే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఆ పద్ధతికి 2005లో జెస్సీ జేమ్స్ గ్యారెట్ అనే రూపకర్త 'ఏజాక్స్' అని పేరు పెట్టాడు. ఆనాటి నుంచి వెబ్ పుట క్రమంగా వెబ్ అనువర్తనంగా పరిణమించింది. ఉత్తరాలు రాయడం, లెక్కలు చూడడం, చిత్రాలు గీయడం వంటి పనులన్నీ బ్రౌజర్‌లోనే చేయగల స్థితి ఏర్పడింది.

దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. భాష ఏటేటా మారుతున్నది. ఉపకరణాలు అంతకంటె వేగంగా మారుతున్నాయి. పాఠ్యపుస్తకం అచ్చై విద్యార్థి చేతికి వచ్చేలోగా అందులోని కొన్ని పద్ధతులు పాతబడిపోతున్నాయి. ఇటువంటి స్థితిలో నిన్న పని చేసి, నిన్ననే దెబ్బతిని, ఈరోజు దాని కారణం తెలుసుకొన్న మనిషే ఉత్తమమైన గురువు. అటువంటి మనుషులందరూ ఒకచోట కలుసుకొనే వేదికే మీటప్.

ఈ ఆలోచన జావాస్క్రిప్ట్‌తో పుట్టినది కాదు. 1975 మార్చి 5న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మెన్లోపార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే వ్యక్తి ఇంటి కారుషెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమయ్యారు. దానికి 'హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్' అని పేరు. ఇంట్లో ఉంచుకోదగిన చిన్న కంప్యూటర్ అప్పుడప్పుడే సాధ్యమవుతున్న కాలమది. ఆ సమావేశానికి వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ అనే యువకుడు ఒకడు. అక్కడ విన్న మాటలతో ఉత్తేజితుడై అతడు స్వయంగా ఒక కంప్యూటర్‌ను రూపొందించాడు. దాని నిర్మాణ చిత్రాలను క్లబ్బు సభ్యులకు ఉచితంగా పంచిపెట్టాడు. అదే 1976లో ఆపిల్ సంస్థ తొలి కంప్యూటర్‌గా ప్రసిద్ధి పొందింది.

గోష్ఠి జరిగే తీరు

జావాస్క్రిప్ట్ గోష్ఠి నిర్వహణలో ఆడంబరం తక్కువ. సాధారణంగా పని ముగిసిన సాయంత్రం గాని, శనివారం ఉదయం గాని సమావేశం జరుగుతుంది. ఏదో ఒక సంస్థ తన కార్యాలయంలోని విశాలమైన గదిని ఉచితంగా ఇస్తుంది. హైదరాబాదులోనైతే ఇటువంటి సమావేశాలకు మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోని కార్యాలయ భవనాలు తరచుగా వేదికలవుతాయి. బెంగళూరులో చిన్న గోష్ఠులతోపాటు 2011లో 'జేఎస్‌ఫూ' అనే పెద్ద సదస్సు కూడా ఆరంభమయింది.

సభలో రెండు లేదా మూడు ప్రసంగాలు ఉంటాయి. ఒక్కొక్కటి అరగంటకు కొంచెం అటూ ఇటూగా సాగుతుంది. ప్రసంగి తెరపై తన ప్రోగ్రామును ప్రదర్శిస్తూ, అది ఎందుకు రాశాడో, ఎక్కడ పొరపాటు పడ్డాడో, దానిని ఎలా దిద్దుకొన్నాడో వివరిస్తాడు. సభ ఎదుటనే ప్రోగ్రాము రాసి నడిపించేవారు కూడా ఉంటారు. అది ఒక్కొక్కసారి నడవదు. అప్పుడు వెనుక వరుసలో నుంచి ఎవరో 'ఏడవ పంక్తిలో కామా మరచిపోయారు' అని అందిస్తారు. అక్కడ అది అవమానం కాదు. సభలో సహజంగా జరిగే సంఘటన. పెద్ద ప్రసంగాల తరువాత ఐదేసి నిమిషాల చిరుప్రసంగాలకు అవకాశం ఇస్తారు. తొలిసారి మాట్లాడేవారికి అది అనువైన ఘట్టం. నడుమ తేనీటి విరామం ఉంటుంది. అనుభవజ్ఞులు తరచుగా చెప్పే మాట ఏమిటంటే, వేదికపై నేర్చుకొన్నదానికంటె తేనీరు తాగుతూ నేర్చుకొన్నదే ఎక్కువ అని.

పెక్కు గోష్ఠులకు ఆచరణ నియమావళి ఉంటుంది. ఎవరి లింగం, ప్రాంతం, భాష, మతం, రూపం గురించీ చులకనగా మాట్లాడరాదు. ప్రశ్న అడిగినవారిని పరిహసించరాదు అనేవి అందులోని ముఖ్యాంశాలు. స్త్రీలు స్వల్పసంఖ్యలో ఉండే సభలలో ఈ నియమం మరింత అవసరం. సభకు వచ్చిన ఒక యువతి నిస్సంకోచంగా మళ్ళీ రాగలిగినప్పుడే ఆ సభ సఫలమైనదని భావించాలి.

చరిత్రకెక్కిన కొన్ని సభలు

ఇటువంటి సమావేశాలలో వెలుగు చూసిన ఆవిష్కరణలు లోకానికి మేలు చేశాయి. 2006 జనవరిలో న్యూయార్క్ నగరంలో 'బార్‌క్యాంప్' అనే సమావేశం జరిగింది. బార్‌క్యాంప్‌లో ముందుగా నిర్ణయించిన ప్రసంగీకులు ఉండరు, వచ్చినవారే ప్రసంగీకులు. అక్కడ జాన్ రెసిగ్ అనే 21 సంవత్సరాల యువకుడు తాను తయారుచేసిన 'జేక్వెరీ' అనే ఉపకరణాన్ని ప్రకటించాడు. ఒక్కొక్క బ్రౌజర్‌కు ఒక్కొక్క విధంగా ప్రోగ్రాము రాయవలసిన బాధను అది చాలవరకు తొలగించింది. నేటికీ అసంఖ్యాకమైన వెబ్‌సైట్లలో అది పనిచేస్తూనే ఉన్నది.

2009 నవంబరులో జర్మనీలోని బెర్లిన్ నగరంలో ఐరోపా జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్ల సదస్సు తొలిసారిగా జరిగింది. అందులో ర్యాన్ డాల్ అనే ప్రోగ్రామర్ 'నోడ్' అనే తన రచనను ప్రదర్శించాడు. అంతవరకు ప్రధానంగా బ్రౌజర్‌కు పరిమితమై ఉన్న జావాస్క్రిప్ట్‌ను, సమాచారం అందించే సర్వర్ కంప్యూటర్లపై సమర్థంగా నడిపించే మార్గాన్ని అతడు చూపాడు. ప్రసంగం ముగియగానే సభ లేచి నిలబడి కరతాళధ్వనులు చేసింది.

అన్ని సభలూ ఇలా హర్షించలేదు. 2013 మే నెలలో అమెరికాలో జరిగిన జావాస్క్రిప్ట్ సదస్సులో ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లు 'రియాక్ట్' అనే ఉపకరణాన్ని ప్రకటించినప్పుడు శ్రోతలలో పెక్కుమంది పెదవి విరిచారు. పుట నిర్మాణాన్నీ, దాని ప్రవర్తననూ వేరువేరుగా రాయాలన్నది అప్పటి పెద్దల మాట. రియాక్ట్ ఆ రెండింటినీ ఒకేచోట కలిపి రాయమన్నది. రూపకర్తలు విమర్శకు కినుక వహించలేదు. తమ పద్ధతిలోని కారణాలను తరువాతి సభలలో మళ్ళీ మళ్ళీ వివరించారు. కొద్ది సంవత్సరాలకే అది ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందింది.

వీటన్నింటికంటె ఆదర్శప్రాయమైన సంఘటన 2018లో జరిగింది. తొమ్మిదేళ్ళ క్రితం ఏ నగరంలో తనకు కరతాళధ్వనులు లభించాయో, అదే బెర్లిన్ నగరంలో, అదే సదస్సులో ర్యాన్ డాల్ మళ్ళీ వేదిక ఎక్కాడు. ఈసారి అతడు ఎంచుకొన్న అంశం, నోడ్ నిర్మాణంలో తాను చేసినందుకు పశ్చాత్తాపపడుతున్న 10 విషయాలు. అప్పటికి లక్షలాది మంది వాడుతున్న తన కృతిలోని దోషాలను తానే వరుసగా ఎత్తిచూపాడు. వాటిని సవరిస్తూ 'డీనో' అనే మరొక రచనను ఆరంభించానని అదే సభలో ప్రకటించాడు. గెలుపును చాటుకోవడానికి సభలు అనేకం ఉంటాయి. తప్పును ఒప్పుకోవడానికి కూడా అనువైన సభ దొరకడం విద్యారంగంలో అరుదైన భాగ్యం.

పరస్పరాశ్రయం

ఈ ప్రోగ్రామర్లు ఒకరికొకరు ఎంతగా ఆధారపడి ఉన్నారో 2016 మార్చిలో జరిగిన ఒక సంఘటన వెల్లడించింది. జావాస్క్రిప్ట్ రచయితలు తమ రచనలను అందరికీ ఉచితంగా లభించేలా 'ఎన్.పి.ఎం.' అనే భాండాగారంలో భద్రపరుస్తారు. వాటిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనేది 11 పంక్తుల చిన్న రచన. ఒక పదానికి ఎడమవైపున కావలసినన్ని ఖాళీలు గాని, అంకెలు గాని చేర్చడం దాని పని. దాని రచయితకు ఆ భాండాగార నిర్వాహకులతో ఒక వివాదం ఏర్పడి, అతడు తన రచనలన్నింటినీ అక్కడి నుంచి తొలగించాడు. ఆ 11 పంక్తులపై తెలిసీ తెలియక ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల నిర్మాణం ఒక్కసారిగా నిలిచిపోయింది. కొద్ది గంటలలోనే నిర్వాహకులు దానిని పునరుద్ధరించారు. కాని, మహాసౌధం కింద ఒక చిన్న గులకరాయి కూడా భారం మోస్తున్నదనే ఎరుక అందరికీ కలిగింది. ఆ గులకరాళ్ళను పేర్చేవారిలో చాలామంది జీతం ఆశించని స్వచ్ఛంద రచయితలు. వారు ముఖాముఖి కలుసుకొనే చోటు కూడా ఈ గోష్ఠే.

ఒక తెలుగు ప్రశ్న

ఈ వ్యాసకర్త పూర్వవిద్యార్థి ఒకడు తెలుగు మాధ్యమంలో చదివి, పిమ్మట హైదరాబాదులో వెబ్ అనువర్తనాలు రూపొందించే ఉద్యోగంలో చేరాడు. తరగతిలో నేర్చుకొన్న ఛందస్సుపై మక్కువ చేత, పద్యపాదానికి గణవిభజన చేసే చిన్న ప్రోగ్రామును తీరిక వేళల్లో రాయడం మొదలుపెట్టాడు. మొదటి మెట్టులోనే అది తప్పింది. 'తెలుగు' అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయని జావాస్క్రిప్ట్‌ను అడిగితే ఆరు అని సమాధానం వచ్చింది. మూడు లఘువులతో న గణం కావలసిన మాట ఆరక్షరాలుగా ఎలా మారిందో అతనికి బోధపడలేదు.

అప్పటికి అతడు మూడు నెలలుగా ఒక జావాస్క్రిప్ట్ గోష్ఠికి వెళుతూనే ఉన్నాడు. చివరి వరుసలో కూర్చొనేవాడు. ప్రసంగాలన్నీ ఆంగ్లంలో సాగేవి. అర్థమయ్యేవి గాని, నోరు తెరిచి ప్రశ్న అడగడానికి బెదురు. తన ఆంగ్లంలో తప్పు దొర్లితే నలుగురూ నవ్వుతారేమోనన్న శంక. ఈ శంక ఎంతమంది గ్రామీణ విద్యార్థుల నోళ్ళు కట్టివేసిందో తరగతి గదిలో ముప్పై ఏళ్ళుగా నిలబడిన అధ్యాపకులకు తెలుసు.

నాలుగవ నెల తేనీటి విరామంలో అతడు ఒక పెద్ద ప్రోగ్రామర్‌ను సమీపించి, తెలుగులోనే, 'సార్, తెలుగు అనే మాటలో అక్షరాలెన్ని?' అని అడిగాడు. ఆయన చిరునవ్వుతో 'మూడు' అన్నారు. 'మరి ఇది ఆరంటోంది సార్' అని అతడు తెర చూపించాడు. నిమిషంలో ఆ తెర చుట్టూ పదిమంది చేరారు. వారిలో సగం మంది మాతృభాష తెలుగే. అయినా ఆ సంగతి అంతవరకు వారెవరూ గమనించలేదు. బెంగాలీ మాతృభాషగా గల ఒక ఉద్యోగిని తమ లిపిలోనూ ఇదే చిక్కు ఉన్నదని చెప్పింది.

కారణం ఇది. ప్రపంచ లిపులన్నింటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్ విధానంలో 'తె' అనేది ఒక సంకేతం కాదు. 'త' ఒక సంకేతం, ఎత్వం గుర్తు మరొక సంకేతం. 'లు', 'గు' కూడా అంతే. జావాస్క్రిప్ట్ లెక్కించేది ఈ సంకేతాలనే గాని మనం పలికే అక్షరాలను కాదు. అందువల్లనే మూడక్షరాలు ఆరయ్యాయి. 'స్త్రీ' అనే ఒక్క గురువులోనూ మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక దీర్ఘం గుర్తు కలిసి ఆరు సంకేతాలున్నాయి. ఈ సంగతి తెలియక 'తెలుగు' అనే మాటను సంకేతాల వారీగా తలకిందులు చేస్తే, మొదట ఆధారం లేని కొమ్ము ఒకటి గాలిలో వేలాడుతుంది. దాని వెనుక 'గులెత' అని మిగులుతుంది.

దీనికి మార్గం లేకపోలేదు. సంకేతాలను పాఠకుడు గుర్తించే అక్షరాలుగా విడదీసే 'సెగ్మెంటర్' అనే సాధనం జావాస్క్రిప్ట్‌లో ఉన్నదని ఆ పెద్ద ప్రోగ్రామర్ చూపించారు. దానితో 'తెలుగు' మూడక్షరాలయింది. అయితే 'స్త్రీ' మూడు ముక్కలుగా విడిపోయింది. సంయుక్తాక్షరాలను విడదీయరాదనే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 కూర్పులో చేరినదని, ఆ కూర్పును అనుసరించే బ్రౌజర్లలోనే అది ఒక్క అక్షరంగా లెక్కకు వస్తుందని మరొకరు వివరించారు. ఆ విద్యార్థి తన ప్రోగ్రామును దిద్దుకొన్నాడు. రెండు నెలల తరువాత అదే సభలో దానిని గురించి పది నిమిషాలు మాట్లాడాడు. సగం ఆంగ్లం, సగం తెలుగు. ఎవరూ నవ్వలేదు.

ఇది ఒక్క ఛందస్సుకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. పేరు ఇరవై అక్షరాలకు మించరాదని ఒక దరఖాస్తు నిర్ణయిస్తే, సంకేతాలను లెక్కించే ప్రోగ్రాము తెలుగులో పేరు రాసుకొన్నవారికి అందులో సగం చోటే ఇవ్వవచ్చు. పొడవైన మాటను మధ్యలో తెంచే ప్రోగ్రాము వత్తును ఒక పంక్తిలోను, దాని హల్లును మరొక పంక్తిలోను పడవేయవచ్చు. అంతర్జాలంలో మన భాష సవ్యంగా నిలవాలంటే, దానిని నిర్మించే సభలో మన భాష తెలిసిన మనిషి ఉండాలి. ఉన్న మనిషి నోరు విప్పాలి. యూనికోడ్ ప్రమాణాలపైనా, జావాస్క్రిప్ట్ ప్రమాణాలపైనా చర్చలు బహిరంగంగానే జరుగుతాయి. ఒక చిన్న గదిలో పుట్టిన ప్రశ్న అక్కడిదాకా చేరడానికి మార్గం తెరిచే ఉన్నది.

పరిమితులు

ఈ గోష్ఠులలో లోపాలు లేవని చెప్పలేం. గది ఇచ్చిన సంస్థ తన సరుకును పొగడించుకోవడానికి సభను వాడుకొన్న సందర్భాలు ఉన్నాయి. విద్యాగోష్ఠి ఉద్యోగాల సంతగా మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కొత్త ఉపకరణం వచ్చిందనగానే పాతదానిని తృణీకరించే తొందరపాటు మరొక లోపం. సభలన్నీ మహానగరాలలో జరగడం వల్ల శ్రీకాకుళంలోనో, ఆదిలాబాదులోనో చదువుకొనే విద్యార్థికి అవి అందనంత దూరం. 2020లో కరోనా మహమ్మారి కాలంలో సభలు తెరపైకి మారినప్పుడు ఈ దూరం కొంత తగ్గింది. కాని, తేనీటి విరామంలో జరిగే సంభాషణకు తెర ప్రత్యామ్నాయం కాలేకపోయింది. పరిస్థితులు చక్కబడగానే మనుషులు మళ్ళీ గదులలో కలుసుకోవడం మొదలుపెట్టారు.

ఇటువంటి సభ నెలకొల్పడానికి మహానగరమే కానక్కరలేదు. ఒక గది, ఒక తెర, నెలలో ఒక నిర్ణీత దినం, క్రమం తప్పకుండా వచ్చే పదిమంది ఉంటే చాలు. అందుకు కళాశాలలోని కంప్యూటర్ ప్రయోగశాల సరిపోతుంది. ఏ భాషలో మాట్లాడుకోవాలన్నది ఆ పదిమంది ఇష్టం.

అవధాన సభలో అవధానికి ఎంత గౌరవమో పృచ్ఛకునికీ అంత గౌరవం. ఆయన అడగకపోతే పద్యం పుట్టదు. జావాస్క్రిప్ట్ గోష్ఠి కూడా అటువంటి సభే. అక్కడికి వెళ్ళే విద్యార్థి అన్నీ తెలిసిన పండితుడై ఉండనక్కరలేదు. తన పనిలో తనకు తగిలిన ఒక నిజమైన చిక్కును, తనకు వచ్చిన భాషలో, స్పష్టంగా అడగగలిగితే చాలు. 'తెలుగు'లో అక్షరాలెన్ని అని అడిగిన విద్యార్థి ఆనాడు చేసినది అదే.